టెన్షన్ నట్టు ముట్టుకునే ముందు: మిషను బొంతలకి దారం ఎంపిక, దారం తిప్పలు

కిందటి వానాకాలం మా అత్తగారి పాత నేత చీరలు ఐదు పేర్చి మనవడికి బొంత మొదలుపెట్టాను. కాసేపు బాగానే నడిచేది, అంతలోనే టప్పున దారం తెగేది. మళ్ళీ ఎక్కించడం, మళ్ళీ తెగడం. పైదారం బిగువు సరిచేసే టెన్షన్ నట్టు వదులు చేస్తే కింద లూపులు, బిగిస్తే పైన దారం తెగడం. మూడు రోజులు దాంతో కుస్తీ పట్టి, చివరికి మిషను తల ఒళ్ళో పెట్టుకుని విశాఖలో మా అక్కయ్యపాలెం నుంచి ఆటోలో పూర్ణా మార్కెట్ వైపు ఒక మెకానిక్ దగ్గరికి వెళ్ళాను.

పెద్దాయన మిషను వైపు చూడనే లేదు. "బొంతేదమ్మా?" అన్నాడు. అదృష్టం కొద్దీ సంచిలో ఉంది. మోకాళ్ళ మీద పరుచుకుని, దారం తెగి నేను ముడేసిన చోట్లన్నీ వేలితో తడిమి, చెయ్యి చాపి జానలు కొలిచాడు. "జానకోసారి తెగుతోంది. జానకోసారి ఈ చీరకి ఏటుందో చూసేవా?" అని నా వేలు పట్టుకున్నంత పనిచేసి అక్కడ రుద్దించాడు. గరుగ్గా తగిలింది. లోపలి పొరలో సన్నటి జరీ గీతలు. మెరుపు పోయి, గుడ్డ రంగులో కలిసిపోయి కంటికి ఆనలేదు గానీ సూది వాటిని దాటిన ప్రతిసారీ దారాన్ని ఆకురాయిలా రాస్తున్నాయి. నా 11 నంబరు సూది తీసేసి 16 పెట్టాడు. నట్టు మునుపు ఎక్కడుండేదో అక్కడికి తిప్పేశాడు. సూది డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

అప్పట్నుంచీ దారం తెగితే నేను వెతికే వరస మారిపోయింది: ముందు దారం వెళ్ళే దారి, తరవాత సూది, తరవాత బాబిన్ (కిందిదారం చుట్టే చిన్న చక్రం), తరవాత గుడ్డ, ఆ పైన దారం నాణ్యత. నట్టు అన్నిటికన్నా ఆఖరు. కింద రాసిందంతా ఆ వరసలో నేర్చుకున్నదే. నాది కాలితో తొక్కే నల్ల మిషను, దానికి మోటారు బిగించుకున్నాను. పక్కన ఒక కొత్త రకం తెల్ల మిషను కూడా ఉంది. రెంటికీ పనికొచ్చేలా చెబుతాను.

బొంతలో దారానికి కష్టమెందుకు

జాకెట్టు కుట్టులో దారం రెండు పొరల మధ్య దాక్కుని హాయిగా ఉంటుంది. బొంత కుట్టులో పైకి తేలి ఉంటుంది. పిల్లలు పొర్లుతారు, మంచం అంచుకి రాసుకుంటుంది, బండకేసి ఉతుకుతారు. దానికి తోడు మిషనులో ఒక విచిత్రం ఉంది. పైదారం సూది కన్నులోంచి ఒక్కసారి దిగి కుట్టులో పడిపోదు. ప్రతి కుట్టుకీ షటిల్ (ప్లేటు కింద తిరిగే కొక్కెం) బోలెడు దారం కిందికి లాక్కుంటుంది, సూది పైన ఎగిరిపడే లివరు దాన్ని మళ్ళీ పైకి లాగేస్తుంది. అంటే అదే దారం ముక్క కుట్టులో స్థిరపడేలోపు సూది కన్నులోంచి పదుల సార్లు వెనక్కీ ముందుకీ రాపిడి పడుతుంది. పొరలు మందమైన కొద్దీ, జరీలాంటివి అడ్డొచ్చిన కొద్దీ ఆ రాపిడి పెరుగుతుంది.

ఇంకోటి. పైదారం, బాబిన్ దారం ఒకదాన్నొకటి పెనవేసుకునే చోటు పొరల మధ్యలో పడాలి. మధ్యలో దూది షీటు ఉంటే ఆ ముడి అందులో దాక్కుంటుంది, టెన్షన్ కాస్త అటూఇటూ అయినా తెలియదు. మన పద్ధతిలో దూది లేకుండా ఐదారు చీరలే పేరిస్తే దాక్కోవడానికి చోటుండదు. ముడి ఇటో అటో బయటికి తొంగిచూస్తుంది. అందుకే చీరల బొంతకి సన్నదారం, రెండు వైపులా ఒకే రంగు. తెలిసిన వాళ్ళు ఎంత చెప్పినా నేను ఒక బొంతకి పైన ఎరుపు, కింద తెలుపు వేశాను. పైనంతా పిండి చల్లినట్టు తెల్ల చుక్కలు.

నంబర్ల గందరగోళం

దారం మీద రాసే నంబర్లు ఒకే లెక్కలో ఉండవు, గొడవంతా అక్కడే. క్విల్టింగ్, ఎంబ్రాయిడరీ దారాల మీద 50, 40, 30 అని ఉంటాయి. 50 అంటే ఒక కిలో దారం 50 కిలోమీటర్లు వస్తుందని. కిలోకి ఎక్కువ దూరం వస్తోందంటే దారం సన్నమన్నమాట. మగ్గం లెక్క తెలిసిన ఇళ్ళలో ఇది చెప్పక్కర్లేదు: మంగళగిరి చీరలో 80 నంబరు నూలు, పొందూరు ఖాదీలో 100 నంబరు నూలు అన్నప్పుడు కూడా నంబరు పెరిగితే నూలు సన్నమే. కొలతలు వేరు, పోకడ ఒకటే.

టైలరింగ్ సామాన్ల కొట్లో అడిగితే ఇచ్చే పాలిస్టర్ దారం మీద మాత్రం 120 అని ఉంటుంది. అది చూసి "అమ్మో, మరీ సన్నం" అనుకుంటారు. అది టికెట్ నంబరు. 3తో భాగించండి, 40 వస్తుంది. అంటే మన 120 టికెట్ దారమూ, క్విల్టింగ్ వాళ్ళ 40 నంబరు దారమూ మందంలో దాదాపు అక్కాచెల్లెళ్ళు. టెక్స్ అని రాసుంటే లెక్క తిరగబడుతుంది. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములుందో అది టెక్స్, కాబట్టి నంబరు పెరిగితే దారం లావు. 50 నంబరంటే 20 టెక్స్, 40 నంబరంటే 25 టెక్స్.

నా వాడకం ఇది: ముక్కలు అతకడానికి 50. బొంత పైకుట్టుకి 40 లేదా టికెట్ 120. కుట్టు ఉబ్బెత్తుగా కనబడాలని ముచ్చటపడితే పైన 30, బాబిన్‌లో మాత్రం 50. రెండు చోట్లా లావుదారం పెడితే కుట్టు తాడు పేనినట్టు గట్టిపడిపోతుంది.

ఏ దారం, దేనికి

కాటన్ దారం ఉతికిన కొద్దీ గుడ్డతో పాటే మెత్తబడుతుంది, ఇస్త్రీ పెట్టెకి భయపడదు. పైగా తడిస్తే నూలు దారం బలం తగ్గదు, పెరుగుతుంది. మెర్సరైజ్డ్ అని రాసుంటే మంచిది. 1844లో జాన్ మెర్సర్ అనే ఇంగ్లిషాయన నూలుని కాస్టిక్ సోడాలో ముంచితే పోగు ఉబ్బి బలపడుతుందనీ, రంగు బాగా పడుతుందనీ కనిపెట్టాడు, ఆ పేరే నిలిచిపోయింది. పొడుగు పింజ పత్తితో వడికిన దారానికి నూగు తక్కువ. పొట్టి పింజదైతే వెలుగుకి పట్టి చూస్తే గొంగళిపురుగులా ఉంటుంది, ఆ నూగంతా వెళ్ళి షటిల్‌లో పడుతుంది.

పాలిస్టర్ దారం బట్టని కోసేస్తుందని పెద్దవాళ్ళు అంటారు. నా అనుభవంలో పాత చీరల బొంత చిరిగిందంటే చీర ముసలిదై చిరిగిందే తప్ప దారం కోసి కాదు. రోజువారీ వాడకానికీ, వాషింగ్ మిషనులో పడే బొంతకీ నేను మొహమాటం లేకుండా పాలిస్టరే వాడతాను. మంచి కాటన్ దారం ప్రతి కొట్లోనూ దొరకదు, దొరికిన చవక కాటన్ కన్నా మంచి పాలిస్టర్ వెయ్యి రెట్లు నయం. సుమారు 250 డిగ్రీలు దాటితే గానీ పాలిస్టర్ కరగదు గనక మామూలు ఇస్త్రీ వేడికి ఏమీ కాదు.

ఎంబ్రాయిడరీ దారాలు మెరుస్తాయి, ధర తక్కువ, రంగులు వంద. ఇక్కడ ఒక్క జాగ్రత్త: అది పాలిస్టరా, రేయానా అని అడగండి. రేయాన్ తడిస్తే బలం సగానికి పడిపోతుంది. గోడకి వేలాడదీసేదానికి పర్లేదు, ఉతికే బొంతకి వద్దు. కంటికి కనబడని ప్లాస్టిక్ దారం నైలాన్‌ది అయితే ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి పెళుసుబారుతుంది, ఇస్త్రీకి ముడుచుకుపోతుంది. తప్పనిసరైతే పాలిస్టర్‌దే తీసుకోండి. జరీ దారం ముద్దుగా ఉంటుంది గానీ మనిషి ఓపికకి పరీక్ష. 16 నంబరు సూది, వదులు టెన్షన్, తాబేలు నడక, బాబిన్‌లో మామూలు దారం. అప్పుడే నడుస్తుంది.

చేతి కుట్టుకని మైనం, గంజి పట్టించి అమ్మే దారం మిషనుకి ఎప్పుడూ ఎక్కించకండి. పతంగి మాంజా తిప్పినంత పనవుతుంది. ఆ పూతంతా పైదారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్ళల మధ్య పేరుకుపోతుంది, ఆ తరవాత ఏ దారం ఎక్కించినా తిన్నగా నడవదు.

కొట్లో నిలబడి చేసే పరీక్షలు

అడుగు పొడుగు దారం లాగి తీసుకోండి. వెలుగుకి పట్టి చూడండి: ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యలో ఉండలు ఉంటే అక్కడే వదిలేయండి, ఆ ఉండలు సూది కన్నులో ఇరుక్కుంటాయి. తరవాత రెండు చేతులతో పట్టి నెమ్మదిగా లాగండి. మంచి కాటన్ కొంచెం మొరాయించి తెగుతుంది. మంచి పాలిస్టర్ సాగి, వేలు కోసుకునేంత మొండికేస్తుంది. ఊరికే పుటుక్కున తునిగితే అది నిలవ సరుకు. కొట్టు గుమ్మానికి ఎదురుగా, ఎండ పడే అద్దాల బీరువాలో ఉన్న రీళ్ళు తీసుకోవద్దు. లోపలి డబ్బాలోంచి తియ్యమనండి.

కాటనని చెప్పి పాలిస్టర్ అంటగడితే ఇంటికొచ్చి నాలుగంగుళాల ముక్క వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన, వేలితో నలిపితే బూడిద. పాలిస్టరైతే ముడుచుకుంటూ కరిగి, చివర గట్టి నల్లపూస మిగులుతుంది. (సింకు మీద చేయండి, పట్టకారుతో పట్టుకోండి.)

రంగు రీలు చూసి ఎంచకండి. రీలు మీద వందల చుట్లు ఒక్కచోట ఉంటాయి గనక రంగు ముదురుగా కనబడుతుంది. ఒంటి పోగు లాగి గుడ్డ మీద అడ్డంగా పరిచి, పగటి వెలుగులో చూడండి. ట్యూబులైటు కింద కొన్న మెరూన్ దారం ఇంటికొచ్చాక గోధుమ రంగులో తేలిన రోజులున్నాయి. నానా రంగుల చీరలు కలిసిన బొంతకి బూడిద రంగో, లేత గోధుమ రంగో తీసుకుంటే అన్నిట్లోనూ కలిసిపోతుంది. ఎరుపు, మెరూన్, ముదురు నీలం కాటన్ దారాలు ఓ తెల్ల గ్లాసులో వేడినీళ్ళు పోసి పది నిమిషాలు నాననివ్వండి. నీళ్ళకి రంగు దిగితే తెల్ల బొంతకి వాడకండి.

ఎంత కొనాలన్నది చిన్న లెక్క. 90 సెంటీమీటర్ల వెడల్పు, 115 పొడుగు ఉన్న పిల్లల బొంతకి 5 సెంటీమీటర్లకో గీత చొప్పున నిలువూ అడ్డం కుడితే మొత్తం 40 మీటర్ల కుట్టు. పొరల మందంలో దిగి లేవాలి కాబట్టి మీటరు కుట్టుకి పైన సుమారు మీటరున్నర, కింద అంతే వేసుకోండి: చెరో 60 మీటర్లు. పెద్ద మంచం దుప్పటి, 2.3 మీటర్లకి 2.75 మీటర్లు, 7.5 సెంటీమీటర్లకో గీత అయితే చెరో 250 మీటర్లు. ఒకే రంగు, ఒకే బ్యాచి నంబరు ఉన్న రీళ్ళు ఒక్కసారే కొనండి. తరవాత వెళితే ఆ ఛాయ దొరకదు.

సూది

సగం దారం జబ్బులు సూదివే. సూది నంబరు జంటగా ఉంటుంది: 75/11, 80/12, 90/14, 100/16. మొదటిది సూది మందం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 90 అంటే 0.9 మిల్లీమీటర్లు. 50 నంబరు దారానికి 11 లేదా 12, 40 నంబరుకి, టికెట్ 120కి 14, అంతకన్నా లావు దారానికీ, జరీకీ 16.

నంబర్లు గుర్తుండకపోతే ఈ పరీక్ష చేయండి. మిషనుకి బిగించకముందే సూదికి దారం ఎక్కించండి. దారాన్ని రెండు చేతులతో ఏటవాలుగా, బిగువుగా పట్టుకోండి. పై చివర ఉన్న సూది తన బరువుకి తనే జారి కిందికి రావాలి. మధ్యలో ఆగిపోతే కన్ను చిన్నది. రాయి జారినట్టు సర్రున పడిపోతే కన్ను మరీ పెద్దది. పది సెకన్ల పని, నాకు పది రీళ్ళ దారం మిగిల్చింది.

సూదికి ఒకవైపు పొడుగునా గాడి ఉంటుంది. దారం ఆ గాడి వైపు నుంచే కన్నులోకి దూరాలి. దిగేటప్పుడు దారం దాక్కునేది అందులోనే. రెండోవైపు కన్ను పైన చిన్న సొట్ట ఉంటుంది, అది షటిల్ ముక్కు వైపుండాలి. తిరగేసి బిగించామా, ఒక్క కుట్టు కూడా పడదు. ఇంటి మిషన్లకి చదునైన తల ఉన్న సూదులు, పెద్ద పవర్ మిషన్లకి గుండ్రటి తలవి. అచ్యుతాపురం వైపు గార్మెంట్ పనికెళ్ళే మా పక్కింటి అమ్మాయి పాపం అభిమానంగా ఒక ప్యాకెట్టు తెచ్చిచ్చింది. అవి గుండ్రటి తలవి, నా మిషనుకి పనికిరాలేదు.

ఎనిమిది గంటలు కుట్టాక సూది మార్చేయండి. అంతకు ముందే కుట్టేటప్పుడు "టక్ టక్" అని గుడ్డని పొడిచిన చప్పుడొస్తే మొన అరిగినట్టే. గోరు మీద మొనని మెల్లగా లాగితే గీత పడితే మొన వంగినట్టు. అద్దం పలక మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. తీసిన సూదులు ఖాళీ మాత్రల సీసాలో వేయండి.

ఎక్కించడం, సరిచూసుకోవడం

ఇది వరస తప్పకుండా చేయండి.

ముందు బాబిన్. ఖాళీ బాబిన్ మీదే చుట్టండి, మిగిలిన పాత దారం మీద కాదు. మోటారు పూర్తిగా తొక్కి చుట్టకండి. పాలిస్టర్ దారం సాగి చుట్టుకుంటుంది, కుట్టులో పడ్డాక మళ్ళీ కుంచించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది. చుట్టిన బాబిన్ నొక్కితే గట్టిగా, సమంగా ఉండాలి. మెత్తగా ఉన్నా, ఒకవైపు బోర్లించిన గరాటులా ఉన్నా విప్పేసి మళ్ళీ చుట్టండి. పెద్ద బొంతకి మూడు నాలుగు ముందే చుట్టి పెట్టుకుంటే మధ్యలో లేవనక్కర్లేదు.

ఆ తరవాత రీలు. దారం రీలు మీద పక్కపక్కనే, బావి చేంతాడు చుట్టినట్టు ఉంటే, రీలు నిలబెట్టి పక్కనుంచి లాగాలి, రీలు తిరుగుతుండాలి. ఒకదాన్నొకటి దాటుతూ జల్లెడ అల్లికలా చుట్టి ఉంటే, పై చివర నుంచి లాగాలి. తారుమారైతే దారానికి పురి ఎక్కిపోవడమో విప్పుకుపోవడమో జరుగుతుంది, మెలికలు పడి సూది దగ్గర ముడి పడుతుంది. పెద్ద కోను అయితే మిషను వెనక ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టి, దానికి పైన గోడకి ఓ కొక్కెం పెట్టి అందులోంచి రానివ్వండి. జారుడు దారం కోను అడుగున పోగుపడి చిక్కుతుంటే, పళ్ళ బండి వాళ్ళు యాపిల్‌కి తొడిగే నురుగు జాలీ ఒకటి కోను కింద తొడగండి. రీలు అంచున దారం కొస ఇరికించే గాటు కిందివైపు ఉండేలా పెట్టండి. లేకపోతే నడుస్తున్న దారం దానికి తగులుకుని తెగుతుంది.

ఇప్పుడు ఫుట్ (గుడ్డని నొక్కిపట్టే పాదం) పైకెత్తి పైదారం ఎక్కించండి. ఇక్కడే అసలు కిటుకు. ఫుట్ పైకెత్తితేనే టెన్షన్ బిళ్ళలు తెరుచుకుంటాయి. దించి ఎక్కిస్తే దారం బిళ్ళల మధ్యకి పోకుండా పైనే తేలుతుంది. నల్ల మిషన్లలో బిళ్ళలు కంటికి కనబడతాయి గనక ఈ తప్పు తక్కువ. తెల్ల మిషన్లలో అవి లోపల దాక్కుంటాయి, ఈ ఒక్క తప్పుకే సర్వీసుకి తీసుకెళ్ళేవాళ్ళు ఎందరో. సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే: ఫుట్ ఎత్తి దారం లాగితే సులువుగా రావాలి, దించి లాగితే సూది వంగేంత బిగువుండాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే తీసి మళ్ళీ ఎక్కించండి.

బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు కొసలూ ఎడం చేత్తో పట్టుకుని మొదటి మూడు నాలుగు కుట్లు వేయండి. మీ బొంతలో ఎన్ని పొరలున్నాయో అన్నే పొరలతో, అవే గుడ్డలతో ఎనిమిదంగుళాల ముక్క చేసుకుని దాని మీద ముందు కుట్టి చూడండి. దీనికి మాత్రం పైన ఒక రంగు, కింద ఇంకో రంగు పెట్టండి, తప్పు దాక్కోకుండా. కుట్టు పొడవు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు.

పైన కిందిదారం చుక్కలు కనబడితే పైన బిగువెక్కువ. కింద పైదారం చుక్కలుంటే పైన వదులెక్కువ. నాబ్ మీద అరనంబరు, నట్టయితే పావు చుట్టు, అంతకన్నా తిప్పకండి. తిప్పిన ప్రతిసారీ అరడుగు కుట్టి చూడండి.

బాబిన్ కేసు విడిగా వచ్చే మిషనైతే దారం పట్టుకుని కేసుని సాలీడులా వేలాడదీయండి. కదలకుండా ఆగాలి. చెయ్యి చిన్నగా ఎగరేస్తే ఓ అంగుళం జారి ఆగాలి. నేల దాకా జారిపోతే వదులు, ఎగరేసినా కదలకపోతే బిగువు. పక్కనున్న బుల్లి స్క్రూని, గడియారంలో పెద్దముల్లు ఐదు నిమిషాలు తిరిగినంత మాత్రమే తిప్పండి. అంతకు ముందు దాని గాడి ఎటుందో స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి. కింద దుప్పటి పరుచుకోండి, ఆ స్క్రూ నేల మీద పడితే దొరకదు.

తెగిన కొస ఏం చెబుతోంది

దారం తెగగానే పారేయకండి. కొస వెలుగుకి పట్టి చూడండి.

కొస ఈకలా విచ్చుకుని, పోగులు విడిపోయి ఉంటే రాపిడి. సూది కన్ను చిన్నదో, సూది పాతదో, గుడ్డలో జరీయో. సూది పెద్దది వేసి చూడండి. మారకపోతే దారం దారిలో ఎక్కడో గరుకుంది. పాత మిషన్లలో దారం ఏళ్ళ తరబడి నడిచి నడిచి ఇనప కొక్కేనికి గాడి పడుతుంది, అచ్చం బావి గట్టు మీద చేంతాడు గాడిలా. మెత్తటి దూది ముక్క దారి పొడుగునా రాయండి, ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ.

కొస కత్తిరించినట్టు నున్నగా ఉంటే ఏదో పదునైనది కోసింది. సూది ఎప్పుడో వంగి ప్లేటుకి గుద్దుకుని ఉంటుంది, ప్లేటు రంధ్రం అంచున చిన్న గాటు పడి ఉంటుంది. వేలిగోరుతో రంధ్రం లోపలి అంచు తడిమితే తెలుస్తుంది. సన్నటి ఎమెరీ కాగితం సన్నగా చుట్టి ఆ అంచు నునుపు చేయవచ్చు. షటిల్ ముక్కు మీద గాటుంటే మాత్రం మీరు అరగదీయకండి, మెకానిక్‌కి ఇవ్వండి.

కొస సాగి, స్ప్రింగులా ఉంగరాలు తిరిగి ఉంటే బిగువు. అప్పుడు కూడా ముందు రీలు చూడండి, ఎక్కడో చుట్టుకుని ఉంటుంది. అది కాదని తేలాకే నట్టు.

తెగకుండా కింద దారం గుంపుగా ఉండ కడుతుంటే చాలామంది బాబిన్‌ని తిడతారు. కింద కనబడే ఆ గుంపు పైదారానిది. పైన బిళ్ళల్లో పడలేదు, అంతే. ఫుట్ ఎత్తి మళ్ళీ ఎక్కిస్తే పదింట తొమ్మిదిసార్లు పోతుంది. అయినా పోకపోతే టెన్షన్ బిళ్ళల పక్కన ప్రతి కుట్టుకీ ఎగిరే సన్నటి తీగ, చెక్ స్ప్రింగ్, వంగిందేమో చూడండి. బిళ్ళల మధ్య నూగు ఇరుక్కుని ఉన్నా ఇదే లక్షణం. పాత నూలు గుడ్డ అంచు బిళ్ళల మధ్య దూర్చి అటూఇటూ లాగితే ఊడొస్తుంది.

కుట్టు జంపవుతుంటే సూది పైదాకా దూరలేదేమో, తిరగబడిందేమో చూడండి. రెండూ కాకపోతే గుడ్డ సూదితో పాటు పైకి లేస్తోంది. పాలిస్టర్ దూది షీటు మందంగా ఉన్నప్పుడు ఇది మామూలే. ఒక నంబరు పెద్ద సూది వేసి, ఫుట్ ఒత్తిడి కాస్త పెంచండి.

ఇక గుడ్డని ముందుకి జరిపే పళ్ళు దించేసి, గుడ్డని చేత్తో తిప్పుతూ పువ్వులూ తీగలూ కుట్టేవాళ్ళకి వేరే కష్టం. తిన్నగా వెళ్ళినంతసేపూ కుట్టు బాగుంటుంది, వంపు దగ్గర కిందివైపు పైదారం అడ్డదారి పడుతుంది. టెన్షన్ తప్పు కాదది, చెయ్యి తప్పు. మెలికల ముగ్గు పెట్టేటప్పుడు వంపు రాగానే చెయ్యి విసురుగా తిప్పేస్తామే, ఇక్కడా అదే చేస్తాం. గుడ్డని లాగిన విసురుకి సూది వంగుతుంది, దారం బిగుసుకుంటుంది. మిషను వేగం పెంచక్కర్లేదు, వంపులో చెయ్యి నెమ్మదించండి. నేను నోట్లో లెక్కపెట్టుకుంటూ కుడతాను. ఇంట్లో వాళ్ళు మంత్రాలనుకుంటారు.

సముద్రం పక్కన మిషను

విశాఖ గాలిలో ఉప్పుంది, తేమ ఉంది. కిటికీ దగ్గర వారం రోజులు వదిలేసిన సూదికి మొన దగ్గర ఎర్రటి చుక్కలొస్తాయి, అవి కంటికి కనబడకముందే దారానికి తగులుతాయి. పని అయ్యాక సూది తీసి నూనె గుడ్డలో గుచ్చి పెట్టండి. సూదుల ప్యాకెట్లు మూత బిగువుగా ఉన్న డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లాలతో కలిపి దాచండి.

కాటన్ గాల్లో తేమ బాగా పీలుస్తుంది, మామూలు వాతావరణంలోనే తన బరువులో ఎనిమిది శాతం పైన. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. తేమ వల్ల కాటన్ బలం పోదు గానీ తడిగా మూసిపెడితే బూజు తింటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పోయి ట్రంకు పెట్టె తడిసింది. అందులోని కాటన్ రీళ్ళు ఎండబెట్టి, ప్రాణం ఒప్పక దాచుకున్నాను. రెండేళ్ళ తరవాత ఒకటి తీసి కుట్టబోతే ప్రతి అడుగుకీ తునిగింది. పైన రంగు కూడా తగ్గలేదు, చూస్తే కొత్త రీలే. అలాంటివి ముక్కలు తాత్కాలికంగా కలిపే చేతికుట్లకి వాడేసుకోండి.

మిషనుకి మిషను నూనే వేయండి. కొబ్బరినూనె వేస్తే మొదటి రోజు వెన్నలా నడుస్తుంది, నెల తిరిగేసరికి జిగురై నూగు పట్టుకుని షటిల్ మొరాయిస్తుంది. ప్రతి రెండు బాబిన్లకీ ప్లేటు విప్పి కింద నూగు బ్రష్షుతో తీయండి. నోటితో ఊదకండి, ఊపిరి తడికి తుప్పు పడుతుంది. నూనె వేశాక పాత గుడ్డ మీద రెండు నిమిషాలు కుట్టండి, లేకపోతే తెల్ల చీర మీద మొదటి గీత పొడుగునా మరక.

అన్నీ కుదిరి కుట్టు నచ్చాక ఆ ఎనిమిదంగుళాల నమూనా ముక్క పారేయకండి. దాని వెనక బాల్‌పెన్నుతో దారం పేరు, నంబరు, సూది నంబరు, టెన్షన్ ఎంతుందో, లోపల ఏముందో రాసి బిస్కెట్ల డబ్బాలో పడేయండి. నా డబ్బాలో పదిహేడున్నాయి. ఒకదాని వెనక "జరీ ఉంది, 16 సూది, నట్టు జోలికి పోవద్దు" అని రాసుంది.